బెడ్డింగు తాడు తెగిన రాత్రి

సైనికుడు సెలవు మీద ఇంటికి వస్తే ఆ ఇంట్లో ఈద్ నెలవంక కనిపించినట్టే. పిల్లలు ట్రంకుపెట్టె చుట్టూ మూగుతారు. ఇరుగుపొరుగు వచ్చి సలాం చేసి పోతారు. ఇల్లాలు కొన్నాళ్ళపాటు రోజులు లెక్కపెట్టుకోవడం మానేస్తుంది. 1965లో ఉత్తరప్రదేశ్, గాజీపూర్ జిల్లా ధాముపూర్ గ్రామంలో అలాంటి సెలవు ఒకటి మధ్యలోనే ఆగిపోయింది. పాకిస్తాన్‌తో యుద్ధం ముంచుకొస్తున్నదనీ, వెంటనే పల్టన్‌లో చేరాలనీ హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు పిలుపు వచ్చింది.

ఆ రాత్రి సంగతులు ఆయన భార్య రసూలన్ బీబీ తర్వాతి కాలంలో తనను చూడవచ్చిన వారికి చెప్పినవి. అబ్దుల్ హమీద్ బెడ్డింగు చుట్టి తాడు బిగించి లాగుతుంటే అది పుటుక్కున తెగింది. సామాన్లు నేల మీద చెల్లాచెదరయ్యాయి. ఆమె గుండె జారిపోయింది. ఇది మంచి శకునం కాదు, ఈ రాత్రికి ప్రయాణం మానుకోమని బతిమాలింది. ఆయన తాను వెళ్ళి తీరాలని నచ్చజెప్పి, మళ్ళీ బెడ్డింగు కట్టుకున్నారు. స్టేషన్‌కు పోయే దారిలో సైకిల్ చైను తెగింది. సాగనంపడానికి వెంట వచ్చిన మిత్రులు కూడా వెనక్కి పోదామన్నారు. ఆయన వినలేదు. తీరా స్టేషన్ చేరేసరికి బండి వెళ్ళిపోయింది. సాగనంప వచ్చిన వారందరినీ ఇళ్ళకు పంపేసి, ఆ రాత్రి పొద్దుపోయాక దొరికిన బండి ఎక్కారు. ధాముపూర్ ఆయనను మళ్ళీ చూడలేదు.

మన ఇళ్ళలో ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నిట్టూరుస్తారు, ఆనాడే ఆగిపోయి ఉంటే అని. ఇక్కడ కొంచెం ఆలోచించాలి. శకునాలు పట్టించుకోవడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) స్పష్టంగా తోసిపుచ్చారు. పక్షి ఎటు ఎగిరిందో చూసి ప్రయాణం మానుకునే అరబ్బుల అలవాటునూ, సఫర్ నెల చెడ్డదనే నమ్మకాన్నీ కూడా కాదన్నారు. అయినా మన దక్కన్ ప్రాంతంలో ‘తేరా తేజీ’ అంటూ సఫర్ నెల మొదటి పదమూడు రోజులు శుభకార్యం పెట్టుకోని కుటుంబాలు ఉన్నాయి. పిల్లి ఎదురొస్తే గుమ్మంలో ఆగిపోయే నమాజీలూ ఉన్నారు. గాజీపూర్‌లో తెగిన తాడుకూ పంజాబ్ పొలాల్లో పేలిన ఫిరంగికీ ఏ సంబంధమూ లేదు. ఆ సెప్టెంబరులో ఎందరో సైనికులు గట్టి తాళ్ళతో బెడ్డింగులు కట్టుకుని, వేళకు బండ్లెక్కి వెళ్ళారు. వారిలోనూ తిరిగి రానివారు ఉన్నారు.

అలాగని రసూలన్ బీబీని తప్పుబట్టడానికి మనకు నోరు రాకూడదు. చంటి పిల్లల తల్లి, భర్త యుద్ధానికి పోతున్నాడు. ఆమె అడిగింది ఒక్క రాత్రి. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) మదీనాలో రాత్రి గస్తీ తిరుగుతూ, భర్త యుద్ధానికి వెళ్ళిన ఒక స్త్రీ ఒంటరిగా బాధపడటం విన్న ఉదంతం పాఠకులకు తెలిసినదే. ఆయన తన కుమార్తె, ప్రవక్త సతీమణి హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగి, ఏ సైనికుడినీ నాలుగు నెలలకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఆజ్ఞ చేశారు. కొన్ని ఉల్లేఖనాల్లో ఈ గడువు ఆరు నెలలని ఉంది. సైనికుడి సెలవు అతని ఒక్కడిదే కాదు, ఇంట్లో ఎదురుచూసే ఇల్లాలి హక్కు కూడా. ఆ రాత్రి ధాముపూర్‌లో కోతపడింది ఆ హక్కుకే.

ఇంతకూ ఈ అబ్దుల్ హమీద్ ఎవరు? 1933 జూలై 1న ధాముపూర్‌లో పుట్టారు. తండ్రి మొహమ్మద్ ఉస్మాన్ దర్జీ, తల్లి సకీనా బేగం. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని బట్టలు కుట్టారు. కత్తెరా సూదీ పట్టిన చేయి తుపాకీ పట్టడానికి 1954 డిసెంబరు వరకు ఆగవలసి వచ్చింది. ఆ నెల 27న వారణాసిలో సైన్యంలో చేరారు. నసీరాబాద్‌లో శిక్షణ తర్వాత గ్రెనేడియర్స్ రెజిమెంట్ నాలుగో పల్టన్‌కు వెళ్ళారు. చనిపోయే వరకూ అదే ఆయన పల్టన్.

1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఆ పల్టన్ ఈశాన్య సరిహద్దులో నామ్‌కా చూ వాగు దగ్గర ఉంది. శత్రువు చుట్టుముట్టాడు. మిగిలినవారు కొండలూ అడవులూ దాటి, భూటాన్ మీదుగా కాలినడకన మిసామారి చేరుకున్నారు. ఆ పోరులో ప్రాణాలర్పించిన సెకండ్ లెఫ్టినెంట్ జి.వి.పి. రావుకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఓటమి ఎలా ఉంటుందో, ఆకలితో నడవడం ఎలా ఉంటుందో అబ్దుల్ హమీద్‌కు అప్పుడే తెలిసింది. మూడేళ్ళ తర్వాత పిలుపు వచ్చినప్పుడు ఆయన యుద్ధమంటే ఏమిటో తెలియని కుర్రవాడు కారు. అన్నీ తెలిసే సైకిల్ ఎక్కారు.

చైనా యుద్ధం తర్వాత పల్టన్ అంబాలాకు మారింది. అక్కడ ఆయనను కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్‌ను చేశారు. అంటే కంపెనీకి రేషన్, బట్టలు, సామగ్రి అందించే లెక్కల ఉద్యోగం. కానీ 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్ గురి చూసి కొట్టడంలో పల్టన్‌లో ఆయనకు సాటి లేరు. 1965లో యుద్ధమేఘాలు కమ్ముకోగానే ఆ గన్‌ల దళానికి నాయకుడు కావలసి వచ్చింది. అధికారులు అబ్దుల్ హమీద్‌నే ఆ పనికి పెట్టారు. సెలవులో ఉన్న మనిషి కోసం పల్టన్ ఎందుకు ఎదురుచూసిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ గన్ గురించి రెండు మాటలు. పేల్చినప్పుడు వెనక్కి తన్నకుండా, గొట్టం వెనుక భాగం నుంచి మంటా వాయువూ ఎగజిమ్మే నిర్మాణం దానిది. అందువల్ల తేలికగా ఉండి జీపు మీద అమరుతుంది. చిక్కు కూడా అందులోనే ఉంది. ఒక్క గుండు పేలగానే వెనుక లేచే దుమ్మూ మంటా శత్రువుకు చోటు చూపించేస్తాయి. కొట్టిన వెంటనే జీపు చోటు మారాలి. ఆలస్యమైతే అంతే సంగతులు. ఎదురుగా వచ్చేది అమెరికా తయారీ పాటన్ ట్యాంకు, సుమారు 45 టన్నుల ఉక్కు. జీపులో కూర్చున్నవారికి ఒంటి మీది యూనిఫారమే కవచం.

సెప్టెంబరు 7 రాత్రి నాలుగో గ్రెనేడియర్స్ పల్టన్ పంజాబ్‌లోని ఖేమ్ కరణ్ ప్రాంతంలో, భిఖీవిండ్ రోడ్డు మీద చీమా గ్రామం ముందు చోటు తీసుకుని తెల్లవారే లోపు కందకాలు తవ్వుకుంది. అసల్ ఉత్తర్ అనే ఊరు ఆ దగ్గరే. ఆ పేరుకు అర్థం నిజమైన జవాబు అని. 8వ తేదీ ఉదయం నుంచే ట్యాంకుల దాడి మొదలైంది. నిండుగా ఎదిగిన చెరకు తోటలు మన సైనికులకు చాటునిచ్చాయి. పొలాల్లోకి నీళ్ళు వదలడంతో ట్యాంకులు బురదలో దిగబడ్డాయి. అబ్దుల్ హమీద్ ట్యాంకులను దగ్గరకు రానిచ్చి కొట్టారు. ఒకటి తగలబడితే, దాని వెనుక వచ్చిన వాటిని వదిలేసి శత్రు సైనికులు పారిపోయిన సందర్భాలూ ఉన్నాయి. మర్నాడూ అదే పోరు.

10వ తేదీ శుక్రవారం. ఉదయం 8 గంటలకు ఫిరంగుల వాన కురిసింది. తొమ్మిదింటికల్లా ట్యాంకులు ముందువరస కందకాల్లోకి చొచ్చుకొచ్చాయి. అబ్దుల్ హమీద్ జీపును పక్కకు తిప్పించి, వాటి పార్శ్వం కనిపించే చోటికి చేరారు. ముందున్న ట్యాంకును కొట్టారు. చోటు మార్చి మరొకటి తగలబెట్టారు. అప్పటికి ఆ జీపును శత్రువులు పసిగట్టారు. మెషీన్ గన్లూ ఫిరంగులూ అన్నీ దానివైపే తిరిగాయి. ఆయన మళ్ళీ ఇంకో ట్యాంకుకు గురిపెట్టి కొట్టారు. అంతలోనే శత్రువుల గుండు ఆయనను బలితీసుకుంది. జుమా నమాజు వేళ ఇంకా కాలేదు. వయసు 32.

ఆ మూడు రోజుల్లో ఆయన ధ్వంసం చేసిన ట్యాంకులు ఏడని పల్టన్ వారు చెప్పుకుంటారు. అధికారిక పతక ప్రకటనలో అంతకంటే తక్కువే లెక్కకు వచ్చాయి. ఈ తేడా మీద వాదించుకోవడం కంటే, ఆ పోరులో పాకిస్తాన్ మొత్తం 97 ట్యాంకులను పోగొట్టుకుందన్న భారత సైన్యం లెక్కను గుర్తు చేసుకుంటే చాలు. చిక్కిన ట్యాంకులను భిఖీవిండ్ దగ్గర వరుసగా నిలబెడితే ఆ చోటుకు పాటన్ నగర్ అని పేరు వచ్చింది.

ముస్లిం అయ్యుండి పాకిస్తాన్ ట్యాంకుల మీద పోరాడాడని ఈ కథను వింతగా చెప్పేవారు ఉన్నారు. ఆ మెచ్చుకోలులో ఒక అనుమానం దాగి ఉందని వారికి తోచదు. గాజీపూర్‌కు ఆనుకుని ఉన్న ఆజంగఢ్ జిల్లాకు చెందిన బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్ 1948 జూలై 3న కాశ్మీర్‌లోని ఝంగడ్ వద్ద అమరులయ్యే నాటికి అబ్దుల్ హమీద్‌కు పదిహేనేళ్ళు నిండి రెండు రోజులు. ఇచ్చిన మాటనూ చేసిన ఒప్పందాన్నీ నెరవేర్చమన్న ఆజ్ఞ ఖురాన్‌లో అల్ మాయిదా సూరా మొదటి ఆయత్‌లోనే ఉంది. అబ్దుల్ హమీద్ సైన్యంలో చేరినప్పుడు ప్రమాణం చేశారు, పిలుపు వస్తే వెళ్ళారు. మన పిల్లలకు ఆయనను సర్టిఫికెట్టులా చూపించనక్కరలేదు. బండి తప్పిపోయినా ఇంటికి తిరిగి రాని మనిషిగా చూపిస్తే చాలు.

ఆయన మరణించి వారమైనా కాకముందే, సెప్టెంబరు 16న, పరమవీర చక్ర ప్రకటించారు. 1966 జనవరి 26న ఢిల్లీలో రాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా రసూలన్ బీబీ దాన్ని అందుకున్నారు. భర్త పోయిన స్త్రీకి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. లెక్క చూస్తే అది ఆ జనవరి మధ్యలో, రంజాన్ ఉపవాసాల్లోనే ముగిసింది. ఆ ఏటి ఈద్ గడిచిన మూడు నాలుగు రోజులకే పతకం ఆమె చేతికి వచ్చింది. ఇంటి పెద్ద లేని మొదటి ఈద్ ఆ పిల్లలకు ఎలా గడిచి ఉంటుందో ప్రభుత్వ కాగితాల్లో ఉండదు.

అబ్దుల్ హమీద్‌ను పోరు జరిగిన పొలాల్లోనే ఖననం చేశారు. అక్కడి మజారు వద్ద ఏటా సెప్టెంబరు 10న మేళా జరుగుతుంది. గ్రెనేడియర్లు వచ్చి వందనం చేస్తారు, చుట్టుపక్కల సిక్కు రైతులు కుటుంబాలతో వస్తారు. 2000 జనవరి 28న తపాలా శాఖ విడుదల చేసిన మూడు రూపాయల బిళ్ళ మీద ఆయన బొమ్మ, పక్కన ఆ జీపు ఉన్నాయి.

ధాముపూర్ నుంచి ఆ మజారు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. రసూలన్ బీబీ ఊళ్ళోనూ భర్త పేరు నిలవాలని ఏళ్ళ తరబడి తిరిగారు, కనిపించిన పెద్దలనల్లా అడిగారు. 2017లో ఢిల్లీ వెళ్ళి, అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్‌ను సంస్మరణ దినానికి రమ్మని స్వయంగా పిలిచారు. ఆ ఏడు సెప్టెంబరు 10న ఆయన ధాముపూర్ వచ్చారు. నడవలేని వయసులో ఆమె ఆ సభలో కూర్చున్నారు. తర్వాత రెండేళ్ళకు, 2019 ఆగస్టు 2న, ఆమె అల్లాహ్ సన్నిధికి చేరారు. ఆ రాత్రి బండి వెళ్ళిపోయి అప్పటికి యాభై నాలుగేళ్ళు కావస్తున్నది.