ఆండోవరు గృహిణి: ఆన్ బ్రాడ్‌స్ట్రీటు

అమెరికా తూర్పు తీరమున ఆంగ్లేయులు తొలి వలసలు నెలకొల్పిన దినములను గూర్చి వ్రాయువారు ప్రాయికముగా గవర్నరులను, బోధకులను మాత్రమే స్మరింతురు. అడవి నరికి వెలయించిన ఒక పల్లెలో ఎనిమిదిమంది బిడ్డలను పెంచుచు, ఆ పనుల నడుమనే కలము పట్టిన ఒక తల్లి చరిత్ర అంతకన్న తక్కువ విలువ గలది కాదు.

ఆన్ 1612లో ఇంగ్లాండులోని నార్తాంప్టనులో జన్మించెను. తండ్రి థామస్ డడ్లీ లింకన్ ప్రభువు కొలువులో దివానుగా నుండెను. ప్రభువుగారి గ్రంథాలయము ఆ బాలికకు అందుబాటులో నుండుటచేత ఆ కాలపు ఆడపిల్లలకు దుర్లభమైన చదువు ఆమెకు అబ్బెను. పదునారవ యేట మశూచికము సోకి మరణద్వారము వరకు వెళ్లి తిరిగివచ్చెను. తరువాత కొలది కాలమునకే సైమన్ బ్రాడ్‌స్ట్రీటుతో ఆమెకు వివాహమయ్యెను. అతడు ఒక బోధకుని కుమారుడు, కేంబ్రిడ్జి పట్టభద్రుడు, ఆమె తండ్రి చేతిక్రింద పని నేర్చినవాడు.

1630లో జాన్ వింత్రాపు నాయకత్వమున అర్బెల్లా అను ఓడలో ఈ కుటుంబమంతయు సముద్రము దాటెను. జూన్ మాసమున సేలము చేరినప్పుడు వారు చూచిన దృశ్యము భయంకరము. ముందు వచ్చినవారిలో ఎనుబదిమందికి పైగా ఆ శీతకాలమున చనిపోయియుండిరి. మిగిలినవారి యొద్దనున్న ధాన్యము రెండు వారములకు కూడ చాలునో చాలదో తెలియకుండెను. ఓడకు తన పేరునిచ్చిన అర్బెల్లా దొరసాని కొన్ని వారములలోనే కన్ను మూసెను. మరుసటి మార్చిలో డడ్లీ స్వదేశమునకు లేఖ వ్రాయ కూర్చున్నప్పుడు ఆయన కొక బల్ల లేదు. ఇంటిల్లిపాదియు మెలగు ఒక్క గదిలో, పొయ్యి ప్రక్కన, మోకాలిపై కాగితముంచుకొని వ్రాసెను.

ఈ క్రొత్త దేశమును, దాని రీతులను చూచి ఆన్ హృదయము తిరుగబడెను. ఈ సంగతిని ఆమెయే తన బిడ్డల కొరకు వ్రాసి యుంచెను. ఇది దేవుని మార్గమని నమ్మిక కుదిరిన తరువాతనే ఆమె లోబడి బోస్టను సంఘములో చేరెను. భక్తుల చరిత్రలు వ్రాయువారు ఇట్టి చోట్ల తొందరగా లోబడుటను గూర్చి చెప్పి, తిరుగబాటును దాటిపోవుదురు. ఆమె అట్లు దాటిపోలేదు.

కొన్ని యేండ్లు సంతానము లేక ఆమె కన్నీటితో ప్రార్థించెను. తుదకు శామ్యూలు పుట్టెను. అతని తరువాత మరి ఏడుగురు. కుటుంబము న్యూటౌనునుండి ఇప్స్‌విచ్‌కును, అచ్చటనుండి 1645 ప్రాంతమున ఆండోవరుకును మారెను. ప్రతి మార్పును అడవికి మరింత చేరువగా తీసికొనిపోయెను. ఆండోవరు భూమికి స్థానిక జాతి నాయకుడైన కుట్‌షమాషేకు ఇచ్చిన వెల ఆరు పౌనులు, ఒక కోటు. రోగములచేత ఆ జాతులు అప్పటికే క్షీణించియుండెను. ఆ భక్తిపరుల ప్రార్థనలతోపాటు ఈ వెలను కూడ మనము చదువవలెను.

సైమన్ వలసరాజ్యపు పనులమీద తరచుగా ఇల్లు విడిచి పోవుచుండెను. 1662లో రాజు సముఖమునకు రాయబారిగా లండను వెళ్లినవారిలో అతడొకడు. అతడు లేని దినములలో ఆన్ వ్రాసిన పద్యలేఖలు నేటికిని దాంపత్య ప్రేమకు చక్కని సాక్ష్యములు. ప్యూరిటనులు ఎండిన కట్టెలవంటి వారనుకొను పాఠకుడు వీటిని తప్పక చదువవలెను.

ఆమె చెల్లెలి భర్త జాన్ వుడ్‌బ్రిడ్జి ఆండోవరు సంఘకాపరి. అతడు 1647లో ఇంగ్లాండు వెళ్లునప్పుడు ఆమె వ్రాతప్రతిని వెంట తీసికొనిపోయి, ఆమెకు తెలియకుండ 1650లో లండనులో అచ్చు వేయించెను. అచ్చయిన గ్రంథమును చూచి ఆమె సిగ్గుపడి, మాసిన గుడ్డలతో వీథిన పడిన బిడ్డతో దానిని పోల్చుకొని, దిద్దుటకు కూర్చుండెను. ఆంగ్ల అమెరికాలో నివసించిన వారి తొలి కవితాసంపుటులలో అది యొకటి.

బిడ్డలకు వ్రాసిన లేఖలో ఆమె దాచని సంగతి మరొకటి కలదు. లేఖనములు సత్యమా, దేవుడున్నాడా అను సందేహములు తన్ను అనేక పర్యాయములు బాధించెనని ఒప్పుకొనెను. సృష్టి క్రమమును చూచి దేవుడున్నాడని నిశ్చయించుకొనెను. అయితే ఆయన తాను ఆరాధించు దేవుడేయని ఎట్లు తెలియునని తిరిగి ప్రశ్నించుకొనెను. సంఘసభ్యురాలైన ఒక మాతృమూర్తి ఇట్లు వ్రాయుటకు ధైర్యము కావలెను.

1666 జూలై 10వ తేదీ రాత్రి కేకలు విని ఆమె మేల్కొనునప్పటికి ఇల్లు మండుచుండెను. సుమారు 800 పుస్తకములు బూడిదయ్యెను. ఇచ్చినవాడే తీసికొనెనని ఆమె ఒప్పుకొనెను. కాని తరువాత ఆ శిథిలముల ప్రక్కగా పోవునప్పుడెల్ల, పెట్టె యుండిన చోటును, బల్ల యుండిన చోటును ఆమె కన్నులు వెదకుచునే యుండెను. ఆ పద్యములో ఆమె తన మనస్సును గద్దించుకొనును, అయినను ముందుగా ఒక్కొక్క వస్తువునకు వీడ్కోలు పలికిన పిదపనే.

అంతకంటె గొప్ప దుఃఖములు శామ్యూలు ఇంట సంభవించెను. 1665లో ఏడాదిన్నర ఎలిజబెతు, 1669 జూన్‌లో మూడేండ్ల ఆన్, అదే నవంబరులో నెల దినముల సైమన్ చనిపోయిరి. 1670లో వారి తల్లి మెర్సీ ఇరువది యెనిమిదవ యేట మరణించెను. పసివానిపై అవ్వ వ్రాసిన విలాపములో దేవుడు మంచివాడని చెప్పుటకు తనకు తాను ఆజ్ఞాపించుకొనుచున్నట్లు కనబడును. ఆ మాట ఆమెకు సులువుగా రాలేదు.

క్షయవ్యాధితో కృశించి ఆన్ 1672 సెప్టెంబరు 16న మరణించెను. ఆమె సమాధి ఎచ్చటనో తెలియదు. సైమన్ తరువాత గవర్నరై తొంబదియేండ్లు దాటి జీవించెను. కుమారుడు డడ్లీ 1692లో ఆండోవరు న్యాయాధికారిగా, మంత్రగత్తెలని నిందింపబడిన అనేకులను పట్టుకొనుటకు ఆజ్ఞలు వ్రాసి, పిదప ఇక వ్రాయనని నిరాకరించి, తానే నిందకు గురియై భార్యతో పారిపోవలసి వచ్చెను.

ఆమె దిద్దిన పద్యములు 1678లో బోస్టనులో అచ్చయ్యెను. బోధకుడైన కుమారుడు సైమను కోరగా 1664లో ఆమె స్వహస్తముతో ధ్యానములు వ్రాసిన చిన్న పుస్తకము మాత్రము వంశస్థుల యొద్దనే యుండి, 1867లో సంపూర్ణముగా వెలుగు చూచెను.