యజమాని పెట్టని పేరు

తొమ్మిదేళ్ల ఇసబెల్లాను వేలంలో ఒక గొర్రెల మందతో కలిపి అమ్మారు. పిల్లకూ మందకూ కలిపి పలికిన ధర 100 డాలర్లు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, అల్‌స్టర్ కౌంటీలో 1806 ప్రాంతంలో జరిగిన సంగతి ఇది. బానిసత్వమంటే మనకు దక్షిణాది పత్తి చేలే గుర్తుకొస్తాయి గానీ, ఉత్తరాదిలోని న్యూయార్క్‌లోనూ 1827 దాకా అది చట్టసమ్మతమే.

ఆమె పుట్టింది సుమారు 1797లో. బానిసల పుట్టిన తేదీలు ఎవరు రాసిపెట్టారు గనుక! డచ్చివారి ఇంట పుట్టింది కాబట్టి ఆమెకు వచ్చింది డచ్చి భాష ఒక్కటే. కొత్త యజమాని ఇంగ్లిషులో ఒకటి తెమ్మంటే అర్థంకాక మరొకటి తెచ్చేది. అందుకు ఒళ్లు చీరుకుపోయేలా కొట్టారు. ఆ మచ్చలు జీవితాంతం ఉండిపోయాయి. తల్లి ఎలిజబెత్ కన్న బిడ్డల్లో ఎక్కువమందిని అప్పటికే అమ్మేశారు. ఆ తల్లి రాత్రిళ్లు పిల్లలను ఆకాశం కింద కూర్చోబెట్టుకుని, దెబ్బలు తిన్నప్పుడు పైనున్న దేవుణ్ణి అడగండని నేర్పింది. బిడ్డకు ఆమె ఇవ్వగలిగిన ఆస్తి అదొక్కటే.

మరో రెండు చేతులు మారి ఇసబెల్లా 1810లో జాన్ డ్యూమాంట్ ఇంటికి చేరింది. అక్కడే అయిదుగురు బిడ్డలు పుట్టారు. 1827 జులై 4న న్యూయార్క్ బానిసలకు చట్టం విడుదల ఇవ్వాల్సి ఉంది. బాగా పనిచేస్తే ఏడాది ముందే వదిలేస్తానన్న డ్యూమాంట్, గడువు వచ్చాక మాట తప్పాడు. చేతికి దెబ్బ తగిలి పని సరిగా సాగలేదన్నది అతని సాకు. ఆమె దాదాపు 100 పౌన్ల ఉన్ని వడికి, తన బాకీ తీరిందనుకుని, 1826 చివరలో ఒక తెల్లవారుజామున చంటిబిడ్డను ఎత్తుకుని బయల్దేరింది. పారిపోయావని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు, నడిచి వెళ్లానని దిద్దేది. వాన్ వాగెనెన్ దంపతులు ఆమెకు ఆశ్రయమిచ్చి, ఆ ఏడాది పని కింద డ్యూమాంట్‌కు 20 డాలర్లు చెల్లించారు. ఆమె అలవాటుగా అయ్యా యజమానీ అని పిలిస్తే, ఆ గృహస్థుడు వద్దన్నాడు. నీకూ నాకూ యజమాని ఒక్కడే అన్నాడు.

ఆ ఇంట్లోనే 1827లో ఆమె ప్రభువును తెలుసుకుంది. అంతవరకు యేసంటే జార్జి వాషింగ్టన్ వంటి ఒక పెద్దమనిషని మాత్రమే అనుకునేదట. దేవుని సన్నిధి ఎదుట నిలవలేక వణుకుతూ, మధ్యలో నిలిచే స్నేహితుడొకడు కావాలని తపించిన క్షణంలో, అలా నిలిచినవాడు ఎవరో ఆమెకు అర్థమైంది.

ఈలోగా అయిదేళ్ల కొడుకు పీటర్‌ను దూరాన ఉన్న అలబామాకు అమ్మేశారు. రాష్ట్రం దాటించి అమ్మడం నేరం. ఒక బానిస పిల్లాడి కోసం ఇంత గోలా అని యజమానురాలు ఎగతాళి చేసింది. చదువురాని ఈ తల్లి క్వేకర్ విశ్వాసుల సాయంతో కింగ్‌స్టన్ కోర్టుకెక్కింది. ప్రభువు చెప్పిన ఉపమానంలోని విధవరాలిలా గుమ్మాలన్నీ తిరిగి 1828లో గెలిచింది. అమెరికా కోర్టులో తెల్లవాడిపై గెలిచిన తొలి నల్లజాతి స్త్రీలలో ఆమె ఒకరు. అయితే తిరిగొచ్చిన పీటర్ భయంతో ఆమె తన తల్లే కాదన్నాడు. నెమ్మదించాక చూస్తే పిల్లాడి ఒంటినిండా వాతలు. ఆ కేసు పత్రాలు 2022లో న్యూయార్క్ రాష్ట్ర దస్తావేజుల మధ్య బయటపడ్డాయి.

బానిసకు ఇంటిపేరు ఉండదు, ఉంటే యజమానిదే. 1843 జూన్ 1న, సుమారు 46 ఏళ్ల వయసులో, ఒక దిండు గలీబులో బట్టలు, చేతిలో కొద్దిపాటి చిల్లర పెట్టుకుని న్యూయార్క్ నగరం విడిచిన ఆమె, పాత పేరునూ అక్కడే విడిచింది. ప్రార్థనలో దొరికిన పేరు సొజర్నర్, అంటే పరవాసి. కీర్తనల గ్రంథం చదివేవారికి కొత్త మాట కాదు. అందరికీ రెండు పేర్లున్నాయి కదా, నాకూ రెండోది కావాలని అడిగితే ట్రూత్, అంటే సత్యం, దొరికిందని చెప్పుకునేది.

ఆ పేరుతో ఊరూరా తిరిగి బానిసత్వానికీ, స్త్రీల అణచివేతకూ వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చింది. 1851లో ఒహాయోలోని అక్రన్ సభలో ఆమె స్త్రీల హక్కులను బైబిలు నుంచే సమర్థించింది. క్రీస్తు దేవుని వలన, స్త్రీ గర్భాన పుట్టాడు, ఇందులో పురుషుడి పాత్ర ఏమిటని నిలదీసింది. చిత్రమేమిటంటే, లోకమంతటికీ తెలిసిన ఆ ప్రసంగ పాఠాన్ని ఫ్రాన్సిస్ గేజ్ అనే తెల్ల స్నేహితురాలు పన్నెండేళ్ల తర్వాత రాసింది. డచ్చి యాసలో మాట్లాడే ఆమె నోట దక్షిణాది బానిసల యాస పెట్టింది. సభ జరిగిన నెలలోపే అచ్చయిన మరో పాఠంలో ఆ యాస లేదు. హితులు కూడా నల్లజాతి స్త్రీ ఇలాగే మాట్లాడాలని ముందే అనుకుంటే చేసే పని అది.

శత్రువులు ఇంకా దిగజారారు. 1858లో ఇండియానాలో ఒక సభలో, ఈమె ఆడవేషంలోని మగవాడని, రుజువు చూపాలని పట్టుబట్టారు. ఆమె సభ ఎదుటే రొమ్ము చూపింది. ఎందరో తెల్ల బిడ్డలు ఈ పాలు తాగి పెరిగారని, ఈ సిగ్గు తనది కాదు, మీదని చెప్పింది.

1864లో అధ్యక్షుడు లింకన్‌ను కలిసినప్పుడు ఆయన ఆమె పుస్తకంలో ఆంటీ సొజర్నర్ ట్రూత్ అని రాసిచ్చారు. మనకు వరస పెట్టి పిలవడం మర్యాదే. అక్కడ మాత్రం నల్లజాతి స్త్రీకి మిసెస్ అన్న గౌరవం దక్కనివ్వని పిలుపు అది. ఆమె మాత్రం ఆ సంతకాన్ని భద్రంగా దాచుకుంది. అదే ఏడాది తన ఫొటోల హక్కును తన పేరనే నమోదు చేయించి, వాటిని అమ్ముకుని బతికింది. అప్పట్లో కొరడా వాతలు తేలిన బానిస వీపు ఫొటోలు బాగా చెలామణి అయ్యేవి. వాతలు ఆమెకూ ఉన్నాయి, చూపలేదు. తెల్లని టోపీ, శాలువా, చేతిలో అల్లిక, పక్కన బల్లపై పుస్తకంతో, కెమెరా వంక నిబ్బరంగా చూస్తూ కూర్చుంది.

1865లో వాషింగ్టన్ ట్రాముల్లో వర్ణభేదం కూడదని చట్టం వచ్చినా, ఆమె చెయ్యెత్తితే బండి ఆగేది కాదు. ఒకసారి కండక్టరు ఆమెను తోసేయబోతూ, పక్కనున్న లారా హావిలాండ్ అనే తెల్ల స్త్రీని ఈమె మీ మనిషా అని అడిగాడు. నా మనిషి కాదు, మానవజాతి మనిషి అని ఆమె జవాబు. ఆ పెనుగులాటలో సొజర్నర్ భుజం కీలు తప్పింది. కేసు పెట్టి అరెస్టు చేయించింది, అతని ఉద్యోగం పోయింది.

1883 నవంబర్ 26న మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో, సుమారు 86 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. సమాధి రాయిపై వయసు 105 అని తప్పుగా చెక్కారు. దాని కింద ఒక ప్రశ్న కూడా ఉంది. 1852లో ఒహాయోలో, నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ ఇక రక్తపాతం తప్ప దిక్కులేదని నిరాశగా మాట్లాడుతుంటే, ముందు వరుసలోంచి ఆమె అడిగిన ప్రశ్న అది. దేవుడు చనిపోయాడా అని.