వైద్యం మాని బ్యాంకు పెట్టిన డాక్టరు

మిరపకోతల కాలం వచ్చిందంటే మా తర్లుపాడు స్టేషన్లో గుంటూరు వైపు పోయే బండి కోసం జనం మూటాముల్లెలతో, పిల్లాజెల్లలతో బారులు తీరి కూర్చుంటారు. వానలు లేక, చెరువు ఎండి, సొంత ఊళ్ళో పని దొరక్క పోయేవాళ్ళే అంతా. ఆ మధ్య ఒక రాత్రి బండి ఆలస్యమైంది. సంఘం పనిమీద పోతున్న నేనూ వాళ్ళ మధ్యనే కూర్చున్నా. మాటల్లో అప్పుల సంగతి వచ్చింది. రెండెకరాలు కౌలుకు చేసి నష్టపోయిన కుర్రాడొకడు తన గోడు చెప్పుకున్నాడు. బ్యాంకుకు పోతే పట్టాదారు పాసు పుస్తకం అడిగి వెనక్కి పంపారట. చివరకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడట. అసలీ బ్యాంకులు ఎవరి కోసం పెట్టారన్నా అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఒక డాక్టరు కథ చెప్పాలి. ఆయన పేరు భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఆయన పేరు వినని చదువుకున్నవాడు ఉండడు. ఆయన చేసిన పనిలో కూలీవాడికి ఎంత దక్కిందో లెక్క చూసినవాళ్ళు తక్కువ.

పట్టాభి 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. బ్రాహ్మణ కుటుంబమే గానీ కలిగిన కుటుంబం కాదు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి కష్టపడి చదివించింది. ఏలూరులో, బందరు నోబుల్ కళాశాలలో, ఆ తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివాడు. మద్రాసులోనే వైద్య విద్య పూర్తిచేసి ఎం.బి.సి.ఎం. పట్టా పుచ్చుకున్నాడు. 1906లో బందరులో ప్రాక్టీసు పెట్టాడు.

అప్పటి బందరు ఎట్లాంటి ఊరు? ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన రేవు. 1864 నాటి ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరువాత రేవు పడిపోతూ వచ్చింది. ఊరు చితికినా చదువు చితకలేదు. కృష్ణా పత్రిక అక్కడి నుంచే వచ్చేది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతో కలిసి పట్టాభి ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టాడు. తెల్లదొరల కొలువుకు గుమాస్తాలను తయారుచేసే చదువు కాకుండా, చేతిపని నేర్పే చదువు కావాలన్నది వాళ్ళ తలంపు.

పదేళ్ళు వైద్యం చేశాడు. సంపాదన బాగానే ఉంది. 1916 ప్రాంతంలో ఆ వృత్తి వదిలిపెట్టి పూర్తిగా రాజకీయాల్లోకి దిగాడు. రోగికి మందిస్తే రోగం తగ్గవచ్చు. కానీ రోగి ఇంట్లో గింజలు లేకపోతే, ఉన్న గింజలు షావుకారు కల్లం దగ్గరే కొలుచుకుపోతే ఏ మందు పని చేస్తుంది? ఆ రోజుల్లో పల్లెకు పట్టిన పెద్ద జబ్బు అప్పు. పట్టాభి తన జీవితంలో ఎక్కువ శ్రమపడింది ఆ జబ్బు మీదనే.

అప్పటి పరిస్థితి తెలిస్తేనే ఆయన చేసిన పని విలువ తెలుస్తుంది. ఆయన ప్రాక్టీసు పెట్టిన 1906లోనే మద్రాసులో ఆర్బత్‌నాట్ అనే తెల్లవాళ్ళ కంపెనీ దివాలా తీసింది. దాంట్లో డబ్బు దాచుకున్న వేలాది కుటుంబాలు కూలిపోయాయి. తెల్లవాళ్ళ బ్యాంకులు ఎగుమతి వ్యాపారులకు అప్పులిచ్చేవి, రైతు మొహం చూసేవి కావు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పడింది. అందులో పట్టాభి కృషి ఉంది.

1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిష్టరయింది. 28న బందరులో పని మొదలుపెట్టింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. తెలుగువాళ్ళ డబ్బు తెలుగువాళ్ళ చేతుల్లోనే తిరగాలి, ఇక్కడి పంటకు, ఇక్కడి వ్యాపారానికి అందాలి అన్నది ఆయన పట్టుదల. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వచ్చింది. స్టెతస్కోపు పట్టిన చేత్తో ఇన్ని సంస్థలు కట్టినవాడు మన ప్రాంతంలో ఇంకొకడు కనపడడు. ఇది ఒప్పుకోవాల్సిందే.

రాజకీయాల్లోనూ ఆయన వెనకబడలేదు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలని మొదటి నుంచీ వాదించాడు. 1918లో కాంగ్రెసులో ఆంధ్రకు వేరే శాఖ వచ్చిందంటే అందులో ఆయన పట్టుదల ఉంది. 1919లో జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక పెట్టి పదేళ్ళకు పైగా నడిపాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయాడు. ఆ తరువాతా పోయాడు. 1935లో కాంగ్రెసు చరిత్ర రాశాడు. సంస్థానాల్లో నవాబుల కింద, రాజుల కింద నలిగే ప్రజల మహాసభలో నాయకుడుగా ఉన్నాడు. 1942లో నెహ్రూ మొదలైనవాళ్ళతోపాటు అహ్మద్‌నగరు కోటలో బంధించారు. దాదాపు మూడేళ్ళు అక్కడే ఉన్నాడు.

మధ్యలో 1939 నాటి త్రిపురి ఎన్నిక. కాంగ్రెసు అధ్యక్ష పదవికి ఒకవైపు సుభాష్ బోసు, రెండోవైపు గాంధీగారి అభ్యర్థిగా పట్టాభి. బోసుకు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377. వామపక్షాలవాళ్ళు బోసును బలపరిచారు. ఆ ఓటమి తనదేనని గాంధీగారు ప్రకటించారు. కాంగ్రెసులో పెద్దల మాటకు, యువకుల ఆవేశానికి మధ్య జరిగిన పోటీలో పట్టాభి పెద్దల పక్షాన నిలబడ్డాడు. ఆ పక్షాన్ని ఆయన చివరిదాకా వదల్లేదు.

1948లో పురుషోత్తమదాస్ టాండన్‌ను ఓడించి కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు. ఆ కాలంలోనే తెలంగాణాలో, కృష్ణా జిల్లాలో కమ్యూనిస్టుల మీద, వాళ్ళకు అన్నం పెట్టిన పేదల మీద కాంగ్రెసు ప్రభుత్వాల పోలీసులు విరుచుకుపడ్డారు. పాలక పార్టీకి అధ్యక్షుడుగా ఉన్న మనిషికి ఆ బాధ్యతలో వాటా లేదనలేం. అట్లాగే ఆంధ్ర రాష్ట్రం కోసం ముప్పై ఏళ్ళు వాదించినవాడు, 1949లో నెహ్రూ, పటేళ్ళతో కలిసి జె.వి.పి. కమిటీ నివేదిక మీద సంతకం పెట్టాడు. మద్రాసు నగరం వదులుకుంటేనే ఆంధ్ర సంగతి చూద్దామన్నది ఆ నివేదిక సారం. పని మళ్ళీ వాయిదా పడింది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్ష చేసి ప్రాణం వదిలితే తప్ప ఢిల్లీ కదల్లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేనాటికి పట్టాభి మధ్యప్రదేశ్ గవర్నరు. 1957 దాకా ఆ పదవిలో ఉండి, 1959 డిసెంబరు 17న చనిపోయాడు.

ఇప్పుడు మన కుర్రాడి ప్రశ్నకు వద్దాం. పట్టాభి పట్టుకున్న జబ్బు నిజమైనదే. ఇచ్చిన మందు కూడా మంచిదే. మరి ఆ మందు ఎవరి గడపదాకా పోయింది?

కృష్ణా డెల్టాలో 1855 నాటికే ఆనకట్ట కట్టారు. కాలవ కింద వరి పండింది, గింజలు మిగిలాయి, ఆ మిగులు డబ్బయింది. ఆ డబ్బు మీదనే బ్యాంకులు లేచాయి. వాటాలు కొన్నది వకీళ్ళు, వ్యాపారులు, భూములున్న రైతులు. అప్పు పుట్టింది తాకట్టు పెట్టగలవాళ్ళకు. పొలం దున్నినవాడికి, నాట్లు వేసినామెకు తాకట్టు పెట్టడానికి రెక్కలు తప్ప ఏమున్నాయి? బ్యాంకు లెక్కలో రెక్కలు ఆస్తి కావు. వడ్డీ వ్యాపారి లెక్కలో మాత్రం అవి ఆస్తే. అందుకే పాలేరు వంద రూపాయల అప్పుకు ఏళ్ళ తరబడి చాకిరీ చేశాడు. వెట్టి రద్దు చట్టం 1976లో గానీ రాలేదు.

డెల్టా సంగతే అట్లా ఉంటే మెట్ట ప్రాంతం గురించి చెప్పేదేముంది! అప్పటికి మా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఒక మూల. 1970లో గానీ ఒంగోలు జిల్లాలో కలవలేదు. కంది, ఆముదం, జొన్న పండితే పండినట్టు, లేకపోతే పలకల గనిలో రాయి కొట్టుకోవాలి. మిగులే లేని చోట మిగులు మీద నడిచే బ్యాంకు ఎట్లా నిలబడుతుంది?

డాక్టరు పట్టాభికి ఇది కనపడలేదా? ఆయన చూసింది రైతును, అదీ భూమి తన పేర ఉన్న రైతును. తెల్లవాడి చేతిలో నుంచి డబ్బు మనవాళ్ళ చేతికి రావాలన్నాడు. మనవాళ్ళలో ఎవరి చేతికి అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. ఆ ప్రశ్న వేసింది కూలీ సంఘాలు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి ఇంట పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య, 1930లలో సొంత ఊరి కూలీలనే కూడగట్టినప్పుడు మొదలైంది ఆ పని.

ఆంధ్రా బ్యాంకును 1980 ఏప్రిల్ 15న జాతీయం చేశారు. ప్రజల డబ్బు ప్రజల అధీనంలోకి వచ్చిందని సంతోషించాం. 2020 ఏప్రిల్ 1న దాన్ని యూనియన్ బ్యాంకులో కలిపేశారు. లక్ష రూపాయలతో బందరులో మొదలైన పేరు బోర్డుల మీద నుంచి పోయింది. పేరు పోయినందుకు చాలామంది బాధపడ్డారు. ఆ బాధ తప్పు కాదు. కౌలుదారుడికి అప్పు పుట్టని బాధ మాత్రం పేరున్నప్పుడూ ఉంది, పోయాకా ఉంది. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. పోరాడితే వచ్చింది. 2019లో వచ్చిన చట్టంలో పొలం యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. ఆ భయం పోగొట్టే పని అధికారులు చేయకపోతే కౌలుదారుడికి కార్డు చేతికి రాదు.

పట్టాభిని దేవుణ్ణి చేయనక్కరలేదు, తిట్టి పారేయనూ అక్కరలేదు. జబ్బు కనిపెట్టిన డాక్టరుకు ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. ఆయన మందు చేరని గుడిసెలకు దాన్ని చేర్చే పని మనది.

బండి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ఎక్కబోతూ ఆ కుర్రాడు, కోతల నుంచి తిరిగొచ్చాక కార్డుకు అర్జీ రాసిపెడతావా అన్నా అని అడిగాడు. రాస్తానన్నా. నువ్వొక్కడివే కాదు, నీతోపాటు కౌలు చేసేవాళ్ళనందర్నీ తీసుకుని రమ్మన్నా. ఒక్కడి అర్జీని పక్కన పడేస్తారు. నలభైమంది కలిసి ఆఫీసు ముందు నిలబడితే జవాబు చెప్పక తప్పదు.