నాడీకణములను చిత్రించిన కహాల్

స్పెయిన్ దేశపు ఉత్తరభాగమున, కొండల నడుమ, పెటిల్లా అను చిన్న గ్రామము కలదు. 1852వ సంవత్సరము మే నెల 1వ తేదీన ఆ గ్రామమున సాంటియాగో రమోన్ ఇ కహాల్ జన్మించెను. రమోన్ అనునది తండ్రి ఇంటిపేరు. కహాల్ అనునది తల్లి పుట్టింటి పేరు. ఆ దేశమున బిడ్డలకు తల్లిదండ్రుల ఇంటిపేర్లు రెండును సంక్రమించును. లోకము మాత్రము ఆయనను తల్లి పేరుతోనే కహాల్ అని పిలుచుచున్నది.

తండ్రి జుస్టో రమోన్ పేదకుటుంబమున పుట్టినవాడు. ఆ కాలమున ఐరోపాలో గాయములకు కట్లు కట్టుట, రక్తము తీయుట మొదలగు పనులను క్షురకులే చేయుచుండిరి. అట్టి క్షురకవైద్యుని యొద్ద సేవకుడుగా కుదిరి పని నేర్చుకొని, పిమ్మట స్వయంకృషిచే చదివి ఆయన వైద్యుడయ్యెను. కష్టపడి పైకి వచ్చిన తండ్రులు పలువురివలె ఆయనయు కుమారుడు తన మార్గముననే నడువవలెనని నిశ్చయించుకొనెను.

కుమారుని మనస్సు వేరుగా నుండెను. అతనికి చిత్రలేఖనమనిన ప్రాణము. కాగితము దొరకినచో కాగితముమీద, దొరకనిచో ఊరి గోడలమీద బొమ్మలు గీయుచుండెను. రంగులు కొనుటకు డబ్బు లేకపోగా, సిగరెట్టు కాగితముల పుస్తకములకుండు రంగు అట్టలను నీటిలో నానబెట్టి ఆ రంగునే వాడుకొనెడివాడు. చిత్రకళ అన్నము పెట్టదని తండ్రి నమ్మకము. అయినను ఆయన అన్యాయము చేయదలచలేదు. ఊరిలోని దేవాలయపు గోడలకు సున్నము పూసి రంగులు వేయుటకు వచ్చిన ఒక పనివానికి బాలుని చిత్రమును చూపి అభిప్రాయ మడిగెను. ఆ పనివాడు ఇందులో కళయేమియు లేదని తేల్చి చెప్పెను. గోడలకు సున్నము వేయువాని తీర్పుచే ఒక బాలుని భవిష్యత్తు నిర్ణయింపబడుట వింతయే. ఆనాటినుండి ఇంటిలో బొమ్మలు గీయుట నిషిద్ధమయ్యెను.

నిషేధము బాలుని మరింత మొండివానిని చేసెను. పాఠశాలలో ఉపాధ్యాయులు కొట్టినను, గదిలో బంధించినను అతడు లొంగలేదు. పదునొకండవ యేట ఒక దుంగను తొలిచి ఫిరంగి తయారుచేసి, రాళ్ళు దట్టించి, పొరుగువాని తోటకు క్రొత్తగా పెట్టిన తలుపుపై ప్రయోగించెను. తలుపు తునాతునకలయ్యెను. అధికారులు బాలుని కొన్ని దినములు చెరలో నుంచిరి, తండ్రియు అడ్డుచెప్పలేదు. తరువాత తండ్రి అతనిని కొంతకాలము మంగలి యొద్దను, కొంతకాలము చెప్పులు కుట్టువాని యొద్దను పనికి పెట్టెను. చెప్పులు కుట్టుటలో కహాల్ మంచి నేర్పరి అనిపించుకొనెను. ఆ చేతివ్రేళ్ళలోని నేర్పు వ్యర్థము కాలేదని తరువాతి కథ తెలుపును.

1868వ సంవత్సరపు వేసవిలో తండ్రి ఒక ఉపాయము పన్నెను. శరీరనిర్మాణశాస్త్రమును నేర్పుటకు కుమారుని ఒక పాడుపడిన శ్మశానమునకు తీసికొనిపోయెను. అచట బయటపడియున్న యెముకలను ఏరి తెచ్చి, వాని గుంటలను, గీతలను, రంధ్రములను ఒక్కొక్కటిగా చూపుచు పాఠము చెప్పెను. కహాల్ ఆ యెముకలను గీయసాగెను. ఏది నిషిద్ధమైనదో అదియే ఇప్పుడు పాఠమయ్యెను. చూచినదానిని గీయవలెనన్న పరీక్షగా చూడవలెను; పరీక్షగా చూచినవానికి విషయము దానంతట అదే తెలియును. ఈ మార్గమున కహాల్ కొలది నెలలలోనే యెముకల శాస్త్రమును కంఠస్థము చేసెను. జరగోజా నగరపు వైద్యకళాశాలలో చేరిన పిదప అతడు గీసిన పటములను చూచి తండ్రి వానిని గ్రంథముగా అచ్చువేయింపదలచెనుగాని, ఆనాటి ముద్రణాలయములలో ఆ రంగులు తెచ్చుట సాధ్యము కాలేదు.

1873లో కహాల్ వైద్యపట్టమును పొందెను. వెంటనే సైన్యమున వైద్యునిగా చేరవలసి వచ్చెను. 1874లో ఆయనను, స్పెయిన్ పాలనలోనుండి స్వాతంత్ర్యమునకై పోరాడుచున్న క్యూబా ద్వీపమునకు పంపిరి. చిత్తడినేలల నడుమనున్న సైనికవైద్యశాలలో రోగులకు మందిచ్చుచు తానే మలేరియా పాలయ్యెను. 1875లో శల్యావశిష్టుడై స్వదేశమునకు తిరిగివచ్చెను. క్యూబాలో కూడబెట్టిన జీతపుసొమ్ముతో ఒక సూక్ష్మదర్శినిని కొని, ఇంటి అటకమీది గదిలో చిన్న ప్రయోగశాలను ఏర్పరచుకొనెను. 1878లో క్షయరోగము సోకి రక్తము కక్కుకొనెను, దానినుండియు కోలుకొనెను. 1879లో సిల్వేరియా అను యువతిని వివాహమాడెను. వారికి ఏడుగురు బిడ్డలు కలిగిరి. భర్త జీతములో ఎక్కువ భాగము రసాయనద్రవ్యములకును, ముద్రణకును పోవుచున్నను సణుగక సంసారమును నడిపిన ఆ యిల్లాలికి ఈ చరిత్రలో చాలినంత స్థానము లభింపలేదనియే చెప్పవలెను.

కహాల్ వలెన్సియా నగరమున ఆచార్యుడుగా నున్నపుడు, 1885లో అచట కలరా వ్యాపించెను. ఆయన ఆ వ్యాధిని గూర్చి పరిశోధించి నివేదిక సమర్పింపగా, జరగోజా మండలపాలకులు సంతసించి జర్మనీలో తయారైన మేలైన జైస్ సూక్ష్మదర్శినిని బహూకరించిరి. అంతటి పరికరము ఆయన చేతికి వచ్చుట అదియే మొదలు.

ఆ కాలమున శాస్త్రజ్ఞులను వేధించుచున్న ప్రశ్న యొకటి కలదు. శరీరమంతయు కణములతో నిర్మితమైనదని అప్పటికే అందరును అంగీకరించిరి. కాని మెదడు సంగతి తేలలేదు. మెదడుముక్కను సూక్ష్మదర్శినిలో చూచినచో, చిక్కుపడిన నూలువలె లెక్కలేని సన్నని పోగులు కనబడునేగాని, ఏ పోగు ఎచట పుట్టినదో, ఎచట ముగిసినదో తెలియదు. అందువలన మెదడు, వెన్నుపాము కలిసి అతుకులేని ఒకే వల యనియు, అందు కణములు ఒకదానితో నొకటి కలిసిపోయియుండుననియు పెక్కుమంది విశ్వసించిరి. ఈ విషయము తేలనిదే ఒక తలపు మెదడులో ఏ దారిని నడుచునో చెప్పుట అసాధ్యము.

ఇటలీ దేశస్థుడైన కామిల్లో గోల్జీ 1873లో ఒక అద్భుతమైన పద్ధతిని కనుగొనెను. మెదడుముక్కను మొదట పొటాసియం డైక్రోమేట్ ద్రావణములోను, తరువాత సిల్వర్ నైట్రేట్ ద్రావణములోను నానబెట్టిన, వందలాది కణములలో ఏ కొలదియో మాత్రము కాటుకవలె నల్లబడును. తక్కినవి పసుపుపచ్చని నేపథ్యముగా మిగిలిపోవును. నల్లబడిన కణము తన కొమ్మలన్నిటితో, వేళ్ళన్నిటితో స్పష్టముగా కనబడును. అయితే గోల్జీ తాను చూచినది వలయే అని భావించెను.

1887లో మాడ్రిడ్ నగరమున సిమర్రో అను వైద్యుడు ఇట్టి ముక్కలను కహాల్‌కు చూపెను. కహాల్ ఆశ్చర్యమునకు మేర లేకపోయెను. ఆ యేడే ఆయన బార్సెలోనాకు మారి రాత్రింబగళ్ళు ఈ పనిలోనే మునిగెను. గోల్జీ పద్ధతి ఒకప్పుడు ఫలించును, ఒకప్పుడు ఫలింపదు. కహాల్ ముక్కలను రెండుమారులు రంగులో నానబెట్టి ఫలితమును స్థిరపరచెను. అంతకంటె ముఖ్యమైనది మరియొక యోచన. పెరిగిన జంతువు మెదడులో నాడీతంతువులకు కొవ్వుతొడుగు ఏర్పడి రంగును లోనికి రానీయదు. అడవి పెరిగిన పిమ్మట చెట్లను వేరుపరచి చూచుట కష్టము. మొక్కగా నున్నపుడు తేలిక. ఇట్లు తలచి ఆయన గ్రుడ్డులోని కోడిపిల్లల మెదడును, అప్పుడే పుట్టిన చిన్నజంతువుల మెదడును పరీక్షించెను.

1888లో ఫలితము చేతికి వచ్చెను. పక్షుల చిన్నమెదడులో నాడీతంతువులు మరియొక కణముచుట్టు బుట్టవలె అల్లుకొని, దానిని చేరి, అచటనే ముగియుచున్నవి. ఎంత వెదకినను ఒకదానిలో నొకటి కలిసిపోయిన చోటు కనబడలేదు. అనగా మెదడు వల కాదు. వేర్వేరు కణముల సంఘము. ఈ సంగతి ప్రకటించుటకు తగిన పత్రిక లేక, కహాల్ తన సొంత ఖర్చుతో ఒక పత్రికను స్థాపించి, మొదటి సంచికను 60 ప్రతులు మాత్రము అచ్చువేయించి పరదేశపు పండితులకు పంపెను. స్పానిష్ భాషలోనుండుటచే దానిని చదివినవారు అరుదు.

కాగితము చేయలేని పనిని కన్ను చేయవలెనని ఆయన నిశ్చయించుకొనెను. 1889లో బెర్లిన్ నగరమున జర్మన్ శరీరశాస్త్రజ్ఞుల సభ జరిగెను. కహాల్ తన ఖర్చుతోనే అచటికి వెళ్ళి, సూక్ష్మదర్శినులను అమర్చి, వచ్చీరాని ఫ్రెంచి భాషలో చూడుడని పండితులను పిలిచెను. మొదట పలువురు అనుమానముతో చూచిరి. ఆ రంగములో పెద్దవాడైన కోలికర్ ఒక్కొక్క ముక్కనే శ్రద్ధగా పరీక్షించెను. తాను చిరకాలము నమ్మిన వలసిద్ధాంతమును విడిచి కహాల్ పక్షమున చేరెను. కహాల్ వ్రాతలను చదువుటకై ఆ వృద్ధుడు స్పానిష్ భాషను నేర్చుకొనెను. పాండిత్యమునకు ఇంతకంటె అందమైన వినయము అరుదు.

1891లో వాల్డయర్ అను జర్మన్ పండితుడు ఈ కణమునకు న్యూరాన్ అని పేరు పెట్టెను. న్యూరాన్‌కు ఒక దేహము, దానినుండి కొమ్మలవలె వ్యాపించు డెండ్రైట్లు, దారమువలె సాగు ఒక ఆక్సాన్ ఉండును. వార్త డెండ్రైట్లద్వారా లోనికి వచ్చి, ఆక్సాన్ ద్వారా వెలుపలికి పోవుననియు, మార్గము ఒకే దిక్కుననియు కహాల్ కనుగొనెను. ఎవరైనను కాగిన గిన్నెను తాకినారనుకొందము. చర్మమునుండి బయలుదేరిన వార్త ఒక న్యూరాన్ మీదుగా వెన్నుపాము చేరును. అచటనుండి వేరొక న్యూరాన్ మీదుగా కండరమునకు పోవును. కాలినదని మెదడునకు తెలియులోపలనే చేయి వెనుకకు వచ్చును. న్యూరాన్లు కలిసికొను ఆ చోటికి ఇంగ్లండులోని షెరింగ్టన్ 1897లో సినాప్స్ అను పేరు నిచ్చెను. మానవుని మెదడులో ఇట్టి న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు కలవని ఇటీవలి లెక్కలు తెలుపుచున్నవి.

1892లో కహాల్ మాడ్రిడ్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిని పొందెను. 1899 మొదలు 1904 వరకు మానవుల, జంతువుల నాడీమండలమును గూర్చిన మహాగ్రంథమును ప్రకటించెను. అందలి చిత్రములన్నియు తానే గీసెను. బాల్యమున తండ్రి అణచిన కళ ఇట్లు వేరొక రూపమున బయటపడినది. అవి యంత్రమువలె ఉన్నదున్నట్లు గీసినవి కావు. ఎన్నో ముక్కలలో తాను చూచినదానిని మనస్సున కూర్చుకొని, ముఖ్యమైనదానిని మాత్రము ఒకే చిత్రమున నిలిపెడివాడు.

1906లో వైద్యశాస్త్రమునకు నోబెల్ బహుమానమును గోల్జీకిని, కహాల్‌కును కలిపి యిచ్చిరి. స్టాక్‌హోమ్ నగరమున ఒకే వేదికపై పరస్పరవిరుద్ధములైన ఉపన్యాసములు వినబడెను. గోల్జీ తన ఉపన్యాసములో న్యూరాన్ సిద్ధాంతమును ఖండించి, వలనే సమర్థించెను. మరునాడు కహాల్ తన సాక్ష్యములను సభ ముందుంచెను. ఒకరి పద్ధతి లేనిదే రెండవవారి విజయము లేదు; అయినను ఆ విజయమును మొదటివారే అంగీకరింపలేదు. గోల్జీ కనుగొన్న పద్ధతియొక్క గొప్పదనమును కహాల్ సభాముఖమున కొనియాడెను.

అటుపిమ్మట కహాల్ తెగిన నరములు మరల ఎట్లు మొలచునో పరిశోధించి, 1913, 1914 సంవత్సరములలో గ్రంథమును వెలువరించెను. పలువురు శిష్యులను తీర్చిదిద్దెను. వార్ధక్యమున భార్య గతించినను పని మానలేదు. 1934వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన మాడ్రిడ్‌లో, తన 82వ యేట, కన్నుమూసెను.

న్యూరాన్ల నడుమ ఎడము కలదన్న విషయమును ఆయన తన సూక్ష్మదర్శినిలో ఎన్నడును కంటితో చూడలేదు. వెలుతురుతో చూపు ఆనాటి ఏ పరికరమునకును అది అందునది కాదు. 1950 తరువాతి దశకమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయమున శాస్త్రజ్ఞులు దానిని స్పష్టముగా చూచిరి. ఆ ఎడము సుమారు 20 నానోమీటర్లు, అనగా మిల్లీమీటరులో ఏబదివేలవ భాగము. కొన్నిచోట్ల మాత్రము న్యూరాన్ల నడుమ సన్నని నాళికలు నేరుగా కలియుచున్నవనియు తరువాత తేలినది. కహాల్ పేరనున్న పరిశోధనసంస్థ ఆయన చేతిచిత్రములను వేలకొలదిగా భద్రపరచినది. నేటికిని నాడీశాస్త్రగ్రంథములలో ఆ చిత్రములు అచ్చగుచునే యున్నవి.