లెక్కకు చిక్కని సంఘము
దోర్నకల్ బిషప్పు అజరయ్యగారి జీవితము

దావీదు రాజు తన రాజ్యమందలి యుద్ధవీరులను లెక్కింపించిన వృత్తాంతము సమూయేలు రెండవ గ్రంథము కడపటి అధ్యాయమున కలదు. లెక్క ముగిసిన వెంటనే రాజునకు మనస్సాక్షి బాధ కలిగెను. జనులను లెక్కించుట తనంతట పాపము కాదు. దేవునిపై ఉంచవలసిన నమ్మికను ఆ లెక్కపై ఉంచుటయే పాపము. దేవుని ప్రజల సంఖ్యను అధికారమునకు మెట్టుగా చేసికొను శోధన దావీదుతో ముగియలేదు. ఇరువదవ శతాబ్దమున అది భారత క్రైస్తవ సంఘము నెదుట నిలిచినప్పుడు దానిని కాదన్న పెద్దలలో వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు ముఖ్యులు.

ఆయన 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విళై గ్రామమున ఒక పల్లె గురువునకు కుమారుడుగా జన్మించిరి. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో విద్య నభ్యసించి, 1895లో వై.ఎమ్.సి.ఎ. సేవలో ప్రవేశించిరి. 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకును, 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనకును ఆయన ముఖ్య కారకులైరి. ఈ దేశమున సువార్త పని ఈ దేశపు మనుష్యులచేత, ఈ దేశపు కానుకలతో జరుగవలెనని ఆయన నమ్మిరి. ఇతరులకు బోధించిన దానిని తామే ఆచరింపదలచి, 1909లో గురుత్వము పొంది, నిజాము రాజ్యమందలి దోర్నకల్ చేరి, తెలుగు భాష నేర్చుకొని, పల్లె పల్లెకు తిరిగిరి.

1910లో ఎడింబరో మహాసభ యెదుట ఆయన నిలిచి, విదేశ మిషనరీల త్యాగమును కొనియాడుచునే, వారినుండి స్వదేశ సేవకులు కోరునది దయ కాదు, సమానుల నడుమ ఉండు స్నేహమని ధైర్యముగా పలికిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే; అప్పుడు ఆయన వయస్సు ముప్పది యెనిమిది. మొదట చిన్నదైన దోర్నకల్ అధ్యక్ష మండలము కాలక్రమమున కృష్ణా తీరము మొదలగు బ్రిటిషు ఆంధ్ర ప్రాంతములకును విస్తరించెను. విశ్వాసులలో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ కుటుంబములవారు. ఊరికి వెలుపల నివసించుచు, పరుల పొలములలో కూలి చేసికొనువారు. ఆయన జీవితాంతమునకు మండలమందలి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

బాప్తిస్మము విషయమై ఆయన నెలకొల్పిన ఒక ఆచారమును పెద్దలు నేటికిని చెప్పుకొందురు. క్రొత్తగా బాప్తిస్మము పొందిన వ్యక్తి తన తలపై తానే చేయి ఉంచుకొని, సువార్త ప్రకటింపకుండుట తనకు శ్రమయని సభ యెదుట ఒప్పుకొనవలెను. చదువురాని కూలివాడును, గోషా ఎరుగని కష్టజీవి స్త్రీయును ఆ క్షణము మొదలుకొని సాక్షులే. ఆయన దృష్టిలో బాప్తిస్మము పొందినవారు అందుకొనునది ఒక పిలుపు. ఇది గ్రహించినప్పుడే రాజకీయములయెడల ఆయన అవలంబించిన వైఖరి మనకు బోధపడును.

1919 రాజ్యాంగ సంస్కరణల ప్రకారము మద్రాసు శాసనమండలిలో భారతీయ క్రైస్తవులకు 5 ప్రత్యేక స్థానములు లభించెను. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రధానమంత్రి రామ్సే మాక్డొనాల్డు ప్రకటించిన కమ్యూనల్ అవార్డు ఈ పద్ధతిని కొనసాగించెను. క్రైస్తవ ఓటర్లు క్రైస్తవ అభ్యర్థినే ఎన్నుకొనవలెను. వారి ఓటు హిందూ అభ్యర్థికి చెందదు, హిందువుల ఓటు వారి అభ్యర్థికి చెందదు. అనేకులకు ఇది మేలుగా తోచెను. కొద్ది సంఖ్య గలవారు పెద్ద సంఖ్యల నడుమ నలిగిపోకుండ రక్షణ కావలెనను భయము అసమంజసమైనది కాదు. లండను రౌండ్ టేబుల్ సమావేశములలోనే క్రైస్తవ ప్రతినిధులు రెండుగా చీలిరి. పన్నీరుసెల్వముగారు ప్రత్యేక స్థానములు కోరగా, అజరయ్యగారి చిరకాల సహచరుడైన కె. టి. పాల్‌గారును, తరువాత ఎస్. కె. దత్తగారును వలదనిరి.

అజరయ్యగారు ఆ అవార్డును బహిరంగముగా ఎదిరించిరి. సంఘము ఒక కులము కాదు. జన్మచేత హద్దులు గీసికొనిన తెగయు కాదు. అది అన్ని కులములవారికి తలుపు తెరచియుంచిన ఇల్లు. ఆ ఇంటివారిని శాసనసభా స్థానముల కొరకు లెక్కించినయెడల తలుపునకు గడియ పడును. ప్రతి బాప్తిస్మము ఒక పక్షమునకు కూడిన ఓటుగాను, మరియొక పక్షమునకు తగ్గిన ఓటుగాను కనబడును. సువార్తికుడు ఊరిలో అడుగిడినప్పుడు ఆత్మల కొరకు వచ్చెనా, ఓట్ల కొరకు వచ్చెనా అని పొరుగువారు అనుమానింతురు; ఆ అనుమానమునకు ఆధారము చట్టములోనే ఉండును. లోపలివారు సయితము పొరుగువాని రక్షణను మరచి తమ స్థానముల పంపకమునకై కలహింతురు. ఇదియే ఆయన భయము. క్రైస్తవుడు పౌరధర్మమును విడువవలెనని ఆయన భావము కాదు. తన దేశీయులందరితో కలిసి, వారిలో ఒకడుగా ఓటు వేయవలెను. సంఘము మాత్రము ఒక పక్షముగా మారరాదు.

ఇంతమాత్రముచేత ఆయన కాంగ్రెసు పక్షమువారైరని తలంపరాదు. ప్రత్యేక నియోజకవర్గములను గాంధీగారును వ్యతిరేకించిరి. అయితే నాలుగైదు సంవత్సరములకే తెలుగు పల్లెలలోని సామూహిక మతాంతరములను గాంధీగారు విమర్శింపగా, సువార్త ప్రకటించు స్వాతంత్ర్యమును, దానిని అంగీకరించుటకు పేదలకు గల హక్కును అజరయ్యగారు వదులుకొనలేదు. ప్రభుత్వమిచ్చిన స్థానములను కాదనిన ఆయనే జాతీయ నాయకుని అభీష్టమునకును లొంగలేదు. ఏ పక్షమును ఆయనను తన లెక్కలో చేర్చుకొనజాలకపోయెను. సంఘమునకు ఒకే ప్రభువున్నాడను ఒప్పుకోలు ఆ రెండు నిరాకరణములకును ఆధారమైయుండెను.

ఇట్టి నిలుకడకు మూల్యమున్నది. దానిని దాచుట సత్యము కాదు. 1936 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు భారతీయ క్రైస్తవులెవరును ఆ కులములలో లెక్కింపబడరని శాసించెను. చెరువు నీటిని అందుకొనలేని మాదిగ విశ్వాసికి బాప్తిస్మము తరువాతను ఊరిలోని అవమానము తొలగలేదు. చట్టపు రక్షణ మాత్రము దూరమాయెను. అట్టివాడు రాజకీయ బలమును ఆశించినయెడల మనము తీర్పు తీర్చదగునా? అజరయ్యగారు అతనికి ఇవ్వగలిగినది వేరొక బలము: పల్లె పాఠశాల, అక్షరములు, మద్యపానమునుండి విడుదల, స్వజాతి గురువులు, గుప్పెడు బియ్యమైనను దేవునికిచ్చు కానుకయందలి గౌరవము, మాల మాదిగలు ఒకే బల్లయొద్ద మోకరించు ప్రభు భోజనము. ఆ బలము నెమ్మదిగా పెరుగును, గాని ప్రభుత్వములు మారినప్పుడు అది తొలగిపోదు.

ఆయన మాట ఆనాడు నెగ్గలేదు. 1935 చట్టము క్రింద మద్రాసు శాసనసభలోని 215 స్థానములలో 8 క్రైస్తవులకు కేటాయింపబడెను. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించిరి. 1919లో తరంగంబాడిలో ఆయన ముందుండి ప్రారంభించిన సంఘైక్య ప్రయత్నము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా ఫలించుటను ఆయన చూడలేదు. 1949 మే మాసమున రాజ్యాంగ సభలో మతపరమైన అల్పసంఖ్యాకుల ప్రత్యేక స్థానములు రద్దగునప్పుడు, బెంగాలీ క్రైస్తవుడైన హెచ్. సి. ముఖర్జీగారు మొదలైన నాయకులు వాటిని స్వచ్ఛందముగా వదులుకొనుటయును ఆయన చూడలేదు.

ప్రియ చదువరీ, ఎన్నికల కాలమున అభ్యర్థులు మన గుడి మెట్లెక్కుదురు. సంఘములో ఎన్ని ఓట్లున్నవని అడుగుదురు. కొన్నిచోట్ల మన పెద్దలే ఆ సంఖ్యను చేతబట్టుకొని వారి గుమ్మములకు పోవుదురు. అప్పుడు పొరుగువాడు మన గుడిని ఏ పేరుతో పిలుచుచున్నాడో ఆలకింపుము. పేదవానికి న్యాయము జరుగవలెనని నిర్భయముగా పలుకుట మన విధి. ఓటు వేయుట మన విధి. సంఘమును బేరమునకు పెట్టుట మాత్రము మన అధికారములో లేదు, ఏలయనగా అది మనది కాదు, రక్తమిచ్చి దానిని కొనినవానిది. దోర్నకల్ పల్లెలలో తలపై చేయి ఉంచుకొని సాక్ష్యమునకు ఒప్పుకొనిన ఆ పేద విశ్వాసులను జ్ఞాపకము చేసికొని, మన బాప్తిస్మము దేనికొరకో మరల నేర్చుకొందుము గాక.