ఆర్గన్ వాద్య విద్వన్మణి బాఖ్

స్వరరచయితగా యొహాన్ సెబాస్టియన్ బాఖ్ లోకవిఖ్యాతుడు. అయితే జీవించి ఉన్న రోజులలో ఆయనకు పేరు తెచ్చినది ఆర్గన్ వాదనం. అందునా, ఒక ప్రార్థనాగీతపు వరుసను తీసుకొని అప్పటికప్పుడు పలు రీతుల పెంచి వాయించే నేర్పు. మన విద్వాంసులు మనోధర్మమని వ్యవహరించే విద్యకు ఇది దగ్గరి చుట్టము.

1685 మార్చి 21న జర్మనీలోని ఐసెనాఖ్‌లో సంగీతజ్ఞుల వంశంలో జన్మించిన బాఖ్, పదేండ్లు నిండకుండానే తల్లిదండ్రుల నిద్దరినీ కోల్పోయాడు. ఓర్డ్రూఫ్‌లో ఆర్గన్ వాదకుడైన అన్న చేరదీసి విద్య నేర్పాడు. అన్న బీరువాలో దాచిన స్వరగ్రంథాన్ని బాలుడు ఆరు నెలలపాటు వెన్నెలలో రహస్యంగా నకలు వ్రాసుకొనగా, అన్న కనిపెట్టి దానిని కాస్తా లాగుకొన్నాడని 1754లో అచ్చయిన ఆయన చరిత్ర చెబుతున్నది. లూనెబర్గ్‌లో చదివే నాటికే రైన్‌కెన్ అనే విద్వాంసుని వాద్యం వినడానికి హాంబర్గ్ వెళ్లి వచ్చేవాడు.

1703లో ఆర్న్‌స్టాట్ చర్చిలో ఉద్యోగం లభించింది. 1705లో నాలుగు వారాల సెలవు పుచ్చుకొని, సుమారు 400 కిలోమీటర్లు కాలినడకన లూబెక్ చేరి, బుక్స్‌టెహూడె అనే వృద్ధ విద్వాంసుని సన్నిధిలో దాదాపు నాలుగు నెలలు ఉండిపోయాడు. తిరిగి వచ్చిన వెంటనే, 1706 ఫిబ్రవరిలో, అధికారులు సంజాయిషీ అడిగారు. ఫిర్యాదు సెలవు గురించి మాత్రమే కాదు. గీతాలలో వింత స్వరాలు కలిపి భక్తులను తికమక పెడుతున్నాడని కూడా. వారిని తప్పు పట్టడానికి వీలులేదు. ఆర్గన్ వెంట పాడవలసిన జనానికి అసలు వరుసే జాడ తెలియకపోతే వారేమి పాడగలరు? వాయింపు దీర్ఘమయిందని అంతకు మునుపు మందలించగా, ఈ యువకుడు అలిగినట్లు మరీ కురచగా ముగించసాగాడట!

ఆ విద్య సులభసాధ్యం కాదు. రెండు చేతులతోపాటు పాదాలు కూడా మెట్లపై పలకాలి. గీతం ఒక గొంతులో నిదానంగా సాగుతుండగా తక్కిన గొంతులు దాని తునకలనే అందుకొని అనుసరించాలి. లేదా అసలు వరుసనే గమకాలతో అలంకరించాలి. ఎంత అల్లినా గీతం చెడకూడదు.

1720లో హాంబర్గ్‌లో, వృద్ధుడైన రైన్‌కెన్ ఎదుటనే, బాబిలోను నదుల గీతంపై బాఖ్ సుమారు అరగంట అల్లుకుపోయాడు. రైన్‌కెన్ స్వయంగా ఆ వరుసపై పెద్ద రచన చేసినవాడు. నశించిందని తలచిన కళ ఇతనిలో బ్రతికి ఉన్నదని ఆ వృద్ధుడు సంతోషించాడు. అయినను ఆ నగరంలో ఖాళీగా ఉన్న ఉద్యోగం, చర్చికి 4,000 మార్కులు సమర్పించుకొన్న మరొకరికి దక్కింది.

ఈ విద్యను అభ్యాసకులకు అందించడానికి ఆయన ‘ఆర్గెల్‌బ్యూష్‌లైన్’ అనే చిన్న పుస్తకం తలపెట్టాడు. 164 గీతాలకు పుటలు కేటాయించి, 46 మాత్రమే పూర్తిచేశాడు. 1750 జూలై 28న లైప్‌జిగ్‌లో చూపు కోల్పోయిన స్థితిలో కన్నుమూసే నాటికి, తక్కిన పుటలలో చాలావాటిపై గీతం పేరు తప్ప మరేమీ లేదు.