కత్తెర పట్టిన చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మన హాస్టల్ వార్షికోత్సవానికి ఒక బొమ్మ తయారుచేశాం. రంగులు కొనడానికి పైసలు లేవు. పాత పేపర్ల ఆదివారం సంచికలు, అట్ట ఊడిన సైన్సు పుస్తకం, రెండు పెండ్లి పత్రికలు కత్తిరించి, వంటగదిలో మైదాపిండితో లై కాచి చార్టు మీద అంటించాం. మెదక్ చర్చి శిఖరం మీద ట్రాక్టర్, దాన్ని నడిపేది కోటు తొడిగిన కొంగ. చూసినవాళ్ళందరూ నవ్వారు. ఆ ఊపులో దాన్ని బయట ఒక చిత్రలేఖనం పోటీకి పంపాం. ఇది గీసిన బొమ్మ కాదు, అతికించిన బొమ్మ అని పక్కన పెట్టేశారు. నిజమే కదా, మనకు బొమ్మలు రావు అనుకుని ఊరుకున్నాం.

మా ఇండ్లల్లో డిగ్రీ దాకా చదివింది మేమే మొదలు. పీజీకి హైదరాబాద్ వచ్చాక ఒకరోజు లైబ్రరీలో లావుపాటి చిత్రకళా పుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. కోటు తొడిగిన మనిషి, తల మాత్రం పక్షిది. మన కొంగ జ్ఞాపకం వచ్చింది. ఆ బొమ్మ చేసినవాడు మాక్స్ ఎర్న్‌స్ట్. ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు, ఆనాడు మాతో కలిసి లై కాచిన మిత్రులకు ఆయన కథ చెప్పాలనిపించింది.

ఎర్న్‌స్ట్ 1891 ఏప్రిల్ 2న జర్మనీలో కొలోన్ నగరం దగ్గరి బ్రూల్ అనే చిన్న పట్నంలో పుట్టాడు. తండ్రి బధిరుల పాఠశాలలో ఉపాధ్యాయుడు. తీరిక వేళల్లో ఉన్నది ఉన్నట్టు బొమ్మలు వేసేవాడు. ఒకసారి తమ తోట బొమ్మ వేస్తూ, ఒక చెట్టు అందం చెడగొడుతోందని దాన్ని వదిలేశాడట. తర్వాత బొమ్మకూ తోటకూ తేడా ఉండకూడదని అసలు చెట్టునే కొట్టేశాడట! కొడుకు దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు. తోటలో లేనివన్నీ తెచ్చి బొమ్మలో పెట్టాడు.

1906లో ఆయన ప్రాణంగా పెంచుకున్న కాకటూ పక్షి చనిపోయింది. అదే సమయంలో ఇంట్లో చెల్లెలు పుట్టింది. పద్నాలుగేండ్ల పిల్లవాడి మనసులో పక్షి, మనిషి కలిసిపోయాయి. తరువాత ఆయన బొమ్మల్లో పదేపదే కనిపించే లోప్‌లోప్ అనే పక్షికి మూలం ఇదేనని ఆయనే రాసుకున్నాడు.

బాన్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, కళాచరిత్ర చదివాడు. చిత్రకళ మాత్రం ఏ కళాశాలలోనూ నేర్చుకోలేదు. ఈ సంగతి మాకు ఎంత ధైర్యం ఇచ్చిందో చెప్పలేం. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ఆయన్ను ఫిరంగి దళంలోకి లాక్కుపోయింది. నాలుగేండ్లు. తన కథ తాను రాసుకున్నప్పుడు ఆయన 1914లో తాను చనిపోయినట్టు, 1918లో మళ్ళీ బతికినట్టు లెక్క వేసుకున్నాడు. చదువు, శాస్త్రం, నాగరికత అని గొప్పలు చెప్పుకున్న దేశాలే లక్షలమంది యువకులను బురద కందకాల్లో చంపుకున్నాయి. అలాంటి లోకాన్ని ఉన్నది ఉన్నట్టు అందంగా గీయడం ఎందుకు అని డాడా అనే బృందం పుట్టింది. కొలోన్‌లో దానికి ముందు నిలబడ్డవాళ్ళలో ఎర్న్‌స్ట్ ఒకడు.

ఇక కత్తెర సంగతి. 1919లో ఆయన చేతికి బడులకు కావలసిన బోధనోపకరణాల క్యాటలాగ్ ఒకటి దొరికింది. అందులో ఎముకల బొమ్మలు, సూక్ష్మదర్శినిలో కనిపించే జీవులు, రాళ్ళు, యంత్రాలు అన్నీ పక్కపక్కనే అచ్చయి ఉన్నాయి. ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం లేదు. చూస్తూ ఉంటే అవన్నీ కలిసి కలలాగా కదలడం మొదలుపెట్టాయట. ఆయన పెద్దగా చేసిందేమీ లేదు. ఆ పేజీల మీదే ఒక ఆకాశం, ఒక ఎడారి, ఒక నేల గీత చేర్చాడు. మిగతాదానికి రంగు పూసి కప్పేశాడు. పాఠం చెప్పే బొమ్మ కాస్తా కల చెప్పే బొమ్మ అయ్యింది.

అతికించడం అనే ఫ్రెంచి మాట నుంచే కొలాజ్ అనే పేరు వచ్చింది. 1912లోనే పికాసో, బ్రాక్ తమ చిత్రాల్లో కాగితం ముక్కలు అంటించారు. కానీ వాళ్ళ కాగితం కాగితంలాగే కనబడుతుంది. ఇంట్లో అమ్మ పాత చీరలతో కుట్టే బొంత కూడా అంతే, ఏ ముక్క ఏ చీరదో చెప్పొచ్చు. మన చర్చి కిటికీల్లో రంగు అద్దం ముక్కల మధ్య నల్లటి సీసం గీతలు దూరం నుంచే కనిపిస్తాయి. ఎర్న్‌స్ట్ పట్టుదల వేరు. అతుకు కనబడకూడదు, కానీ పొంతన కుదరకూడదు. చూసేవాడికి మొదట మామూలు గది అనిపించాలి, రెండో చూపులో ఒళ్ళు ఝల్లుమనాలి.

దీనికి ఆయన ఎంచుకున్న సరుకు గమనించదగ్గది. పందొమ్మిదో శతాబ్దపు చవక నవలల్లో, శాస్త్ర పత్రికల్లో చెక్కమీద చెక్కి అచ్చువేసిన బొమ్మలుండేవి. ఫొటోలు అచ్చువేయడం వచ్చాక వాటిని అడిగే దిక్కు లేకపోయింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మనం చూసే పుస్తకాల వంటివన్నమాట. ఆ బొమ్మలన్నీ ఒకే తీరు సన్నటి నల్ల గీతలతో ఉంటాయి. అందుకే నవలలోని పడకగదిలో శాస్త్ర పుస్తకంలోని రెక్క అంటించినా గీతలు గీతల్లో కలిసిపోతాయి. దాన్ని అచ్చుకు ఇచ్చాక కత్తిరించిన అంచు కూడా మాయమవుతుంది. 1929లో ఇలాంటి బొమ్మలతోనే ఒక నవల తెచ్చాడు. దాని ఫ్రెంచి పేరు చెవికి నూరు తలల స్త్రీ అనీ, తలలేని స్త్రీ అనీ రెండు విధాలుగా వినిపిస్తుంది. తెలుగు మాస్టారు చెప్పిన శ్లేష అదే! 1933లో ఇటలీలోని ఒక కోటలో మూడు వారాలు కూర్చుని మరో పుస్తకానికి బొమ్మలు చేశాడు. 1934లో పారిస్‌లో అయిదు చిన్న పుస్తకాలుగా వెలువడిన ఆ గ్రంథంలో 182 కొలాజ్‌లున్నాయి. మంచం చుట్టూ వరద, సింహం తల పెద్దమనుషులు, పక్షి తల కోటు మనుషులు. మేము లైబ్రరీలో చూసింది వీటిలో ఒకటే.

అతికించినదాన్ని కళ అని ఒప్పుకోని వాళ్ళు ఆయనకూ తగిలారు. 1920లో కొలోన్‌లో ఒక బీరు దుకాణం వెనక మిత్రులతో కలిసి ప్రదర్శన పెట్టాడు. అందులోకి మరుగుదొడ్డి గుండా వెళ్ళాలి. లోపల తన చెక్కబొమ్మ పక్కన గొడ్డలి పెట్టాడు, నచ్చనివాళ్ళు పగలగొట్టుకోవచ్చని. అసభ్యంగా ఉందని పోలీసులు వచ్చి మూయించారు. చివరికి తేలిందేమంటే, అభ్యంతరం చెప్పిన బొమ్మ జర్మనీ అంతా పూజించే ప్రాచీన చిత్రకారుడు డ్యూరర్ చెక్కినదే, ఇక్కడ అతికించి ఉంది. మళ్ళీ తెరిచారు.

1922లో సరైన పత్రాలు లేకుండానే, కవి పాల్ ఎలువార్ పాస్‌పోర్టు మీద పారిస్ చేరాడు. అప్పటికి భార్య, రెండేండ్ల కొడుకు కొలోన్‌లోనే ఉండిపోయారు. ఇది మాకు మింగుడుపడని సంగతి. ఆ భార్య లూయీ స్ట్రాస్ స్వయంగా కళాచరిత్రలో పండితురాలు, యూదురాలు. 1944లో ఆమెను ఆష్‌విట్జ్‌కు తరలించి చంపేశారు. ఎర్న్‌స్ట్‌ను మెచ్చుకునేవాళ్ళు ఆమె పేరు కూడా గుర్తుంచుకోవాలి.

పారిస్‌లో 1924లో ఆంద్రె బ్రెటన్ సర్రియలిస్టు ప్రణాళిక ప్రకటించాడు. తెలుగులో మనం అధివాస్తవికత అంటున్నది ఇదే. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబుల కవిత్వం పాఠంలో ఈ మాట వచ్చినప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టామే తప్ప అర్థం కాలేదు. బుద్ధి కాపలా కాయని చోట, కలలో, మనసు ఏం చూస్తుందో దాన్ని బయటికి తేవాలన్నది వాళ్ళ పట్టు. ఫ్రాయిడ్ కలల మీద రాసినవి వాళ్ళకు ఊపునిచ్చాయి. ఎర్న్‌స్ట్ విద్యార్థిగానే ఫ్రాయిడ్‌ను చదివాడు. ఇటలీ చిత్రకారుడు కిరికో వేసిన నిర్మానుష్యపు వీధులు కూడా ఆయన్ను పట్టి కుదిపాయి.

1925 ఆగస్టు 10న సముద్రపుటొడ్డున ఒక సత్రంలో ఉన్నాడు. బయట వాన. అరిగిన నేలచెక్కల మీద గీతలు అదేపనిగా కళ్ళకు కట్టాయి. వాటి మీద కాగితాలు పరిచి పెన్సిలుతో రుద్దాడు. అడవులు, జంతువులు, కళ్ళు బయటపడ్డాయి. మనలో రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దనివాడెవడు? అదే పని. బిళ్ళ తేలగానే మనం ఆగిపోయాం, ఆయన ఆగలేదు. 1926లో అలాంటివి 34 అచ్చువేశాడు.

1937లో నాజీలు మ్యూనిక్‌లో పెట్టిన పతనకళ ప్రదర్శనలో ఆయన చిత్రాన్ని అవమానానికి వేలాడదీశారు. ఆ చిత్రం మళ్ళీ దొరకలేదు. 1939లో ఫ్రాన్స్ ఆయన్ను శత్రుదేశస్థుడని ఒక పాత ఇటుకల ఫ్యాక్టరీలో బంధించింది. జర్మనీకి ద్రోహి, ఫ్రాన్స్‌కు జర్మన్. చివరికి వేరియన్ ఫ్రై, పెగ్గీ గుగెన్‌హైమ్‌ల సాయంతో 1941లో అమెరికా చేరాడు. 1953లో ఫ్రాన్స్‌కు తిరిగివచ్చాడు. 1954లో వెనిస్ ప్రదర్శనలో చిత్రకళకు పెద్ద బహుమతి వస్తే, బహుమతి పుచ్చుకున్నందుకు సర్రియలిస్టు మిత్రులే వెలివేశారు. 1976 ఏప్రిల్ 1న, ఎనభై అయిదో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, పారిస్‌లో కన్నుమూశాడు.

తమ్ముళ్ళూ, ఈ ఏడాది గోడపత్రికకు మేము ఆబిడ్స్ నుంచి పాత పుస్తకాలు ఒక సంచి నిండా తెచ్చాం. స్టోర్ రూంలో బియ్యం బస్తాల పక్కన ఉన్నాయి. కత్తెర వార్డెన్ సార్ దగ్గర అడగండి. లై మాత్రం పొద్దున కాచింది సాయంత్రానికి పులుస్తుంది, ఎప్పటిదప్పుడు కాచుకోవాలి.